దుప్పటి రెండో కొస

పంతొమ్మిదేళ్లు వెనక వరసలో ఆడాను. న్యూయార్క్ బ్రాడ్వే ఆటపాటల నాటకాల్లో వెనక వరస అంటే ఏమిటో మాకే తెలుసు. పక్కదాని మోకాలు ఎంత లేస్తే మన మోకాలూ అంతే లేవాలి. ఒక్క అంగుళం ఎక్కువైందా, "ఎవత్తే అది?" అని హాలు చివరి నుంచి కేక. కనబడకుండా ఆడటమే మా విద్య. ఎడమ తుంటి అరిగిపోయాక, నలభై ఒకటో ఏట, మొదటిసారి ఒక నాటకానికి నన్ను డాన్స్ మాస్టర్ని చేశారు. ఇది పోతే ఇంకోటి రాదు. ఆ వయసు ఆడదానికి రెండో అవకాశం ఇచ్చే నిర్మాత ఇంకా పుట్టలేదు.

న్యూయార్క్‌లో తెర లేచే ముందు బోస్టన్‌లో మూడు వారాలు ఆడి చూసుకుంటున్నాం. లాండ్రీ డాన్సు నాది. పన్నెండు మంది చాకలి ఆడవాళ్లు, ఆరు జతలు, జతకో తెల్ల దుప్పటి. ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు పట్టుకుని పిండి, దులిపి, మడిచే ఆరు నిమిషాల ఆట. పిల్లలు ప్రాణం పెట్టి ఆడేవారు. జనం మాత్రం దగ్గుతూ కూర్చునేవారు.

రెండో గురువారం మధ్యాహ్నం ఆటకి చివరి వరసలో బూడిదరంగు టోపీ ఒకటి కనబడింది. ఆ టోపీ హ్యాల్ బ్రానిగన్‌ది. నాటకానికి జబ్బు చేస్తే ఊళ్లోకి దిగే వైద్యుడాయన. ఆయనొచ్చాడంటే పాత మాస్టర్ పెట్టె సర్దుకోవాల్సిందే. ఆయన వస్తున్న సంగతి అందరికీ తెలుసు, నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. నిర్మాత లిండావర్ నన్ను చూసి "చలి బాగా ఉంది కదమ్మా" అని తప్పుకున్నాడు. చలట చలి!

ఆట అయ్యాక నేనే వెళ్లి బ్రానిగన్ ముందు నిలబడ్డాను.

"నన్ను తీసేస్తున్నారా?"

"ఇంకా లేదు. కూర్చో వెర్నా. నీ డాన్సు మూడుసార్లు చూశాను. అడుగులు బంగారం తల్లీ. ఎటు చూడాలో మాత్రం తెలీలేదు."

"పన్నెండు మందీ ఒక్కలా..."

"అదే నీ రోగం. కనబడకుండా ఆడటం నేర్చుకున్నావు, వాళ్లకీ అదే నేర్పావు. ఒకదాన్ని ముందుకి లాగు. రేపటి ఆటలో చూస్తా. లేదంటే ఇది ఎత్తేసి నేను కొత్తది కడతా. అప్పుడు పోస్టరు మీద పేరు నాదే ఉంటుంది."

ఎవర్ని లాగాలో నాకు వెంటనే తెలిసింది, అదే నా ఖర్మ. నోరీన్ అని ఇరవై ఏళ్ల పిల్ల, ఎంత అణిచినా దాని మోకాలు అంగుళం ఎక్కువే లేచేది. నెల రోజులుగా తిట్టి తిట్టి అణిచింది నేనే. అది ముందుకొస్తే దాని దుప్పటికి రెండో కొస పట్టుకున్న మనిషి ఒంటరిగా మిగులుతుంది. ఆ మనిషి డాట్ హానెగన్.

డాట్ నాకంటే ఏడాది పెద్దది. పద్నాలుగు నాటకాలు నా పక్కనే ఆడింది, ఇది పదిహేనోది. తుంటి పట్టేసిన రోజుల్లో తన భుజం నాకు ఆనించి, ఎవరికీ తెలియకుండా నన్ను వరసలో మోసింది. ఈ పని వచ్చినప్పుడు నేనే అన్నాను, "నాకు నాటకం ఉన్నన్నాళ్లూ నీకు చోటుంటుందే" అని. అప్పుడు డాట్ చంకలు గుద్దుకుంది, "అయితే ఈసారి గౌను నాదే!" అని. న్యూయార్క్‌లో మొదటి ప్రదర్శన రోజు, తెర లేచే ముందు, వెనక వరసలో అందరికంటే ఎక్కువ నాటకాలు ఆడినవాళ్లకి మావాళ్లు ఒక పాత గౌను తొడుగుతారు. ఒక్కో నాటకం నుంచి ఒక్కో గుడ్డపీలికో ఈకో కుట్టీ కుట్టీ బరువెక్కిన గౌను. పేరున్న తారలకి కూడా దక్కని మర్యాద అది. డాట్‌కి ప్రతిసారీ ఒక్క నాటకం తేడాతో ఎవరో అడ్డం వచ్చేవారు.

మర్నాడు పొద్దున రిహార్సల్లో అన్నీ చేసి చూశాను. ఒక జతకి డాట్‌ని కలిపి ముగ్గురికీ ఒకే దుప్పటి ఇస్తే కాళ్లకి అడ్డం పడింది. డాట్ చేతికి బుట్ట ఇచ్చి పక్కన నిలబెడితే చూపంతా బుట్ట మీదికే పోయింది. పదకొండైంది. దేవుడా, ఇంకెవత్తికైనా కాలు మడతపడి డాట్‌కి ఆ చోటు దొరికితే బాగుండును అని కూడా అనుకున్నాను. ఛీ, అంత నీచానికి దిగాను.

డాటే నా దగ్గరికి వచ్చింది, మెడలో తువ్వాలుతో.

"ఏమే మాస్టరమ్మా, చెప్పడానికి నోరు రావట్లేదా? నేనేం గుడ్డిదాన్నా? ఐదు జతలు, ముందొక పిల్ల. అంతేగా?"

"ఇంకో దారి చూస్తానే డాట్."

"చూస్తూ కూర్చో, నీ పేరు కూడా ఊడుతుంది."

"వద్దు, ఉండు" అని ఉండాల్సింది నేను. ఆ మాట కోసమే వచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను. తువ్వాలు కొస నలుపుతూ కాసేపు ఆగింది కూడా. నేను నోరు విప్పి, "సాయంత్రం రైలుందా?" అన్నాను.

"ఉందిలే," అంది డాట్.

ఆ రోజు ఆటలో నోరీన్ దుప్పటి లేకుండా ముందుకి దూకింది. జనం లేచి నిలబడి కొట్టిన చప్పట్లకి వాయిద్యాలు ఆపాల్సొచ్చింది. బ్రానిగన్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. పోస్టరు మీద నా పేరు నిలిచింది.

న్యూయార్క్‌లో మొదటి ప్రదర్శన. సాయంత్రం ఆరింటికి అందరం వేదిక మీద గుండ్రంగా నిలబడ్డాం. గౌను తెచ్చిన అమ్మాయి వేరే నాటకం మనిషి. మొదటి రిహార్సల్ నాడు మావాళ్లు రాసిచ్చిన జాబితా ఆమె చేతిలో ఉంది. దాన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. గొంతెత్తి సంబరంగా అరిచింది:

"పదిహేను నాటకాలు! డాట్ హానెగన్! ఎక్కడున్నావు, రా!"

చప్పట్లు మొదలై ఆగిపోయాయి. నోరీన్ తల దించుకుంది.

"డాట్! సిగ్గెందుకమ్మా, రా!" అంటూ ఆ అమ్మాయి గౌను విప్పి పట్టుకుని చుట్టూ వెతుకుతోంది.

ఒక్కొక్కరే తల తిప్పి నావైపు చూశారు. పంతొమ్మిదేళ్లు ఎవరి కంటా పడకుండా ఆడినదాన్ని. ఆ వేళ అందరికీ ఎటు చూడాలో తెలిసింది.

"ఆమె లేదు," అన్నాను. "నేనే పంపేశాను. రెండో పేరు చదువమ్మా."

రెండో పేరు చదివింది. గౌను వేసుకున్నవాళ్లు మూడు చుట్లు తిరగాలి, నిలబడ్డవాళ్లంతా కలిసొస్తుందని దాన్ని తాకాలి. నా ముందుకి వచ్చిన మూడుసార్లూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.