ఊయల ఖాళీగా ఉండకూడదు

మెడ దగ్గర ఒక దారం, చంకల కింద రెండు, అంచు మడత తిరిగే చోట ఇంకొకటి. ఎడమచేత్తో గౌనును తిరగేసి, కుడిచేతిలోని చిన్న కత్తెరతో టిక్కు టిక్కుమని నాలుగూ తెంపి, ఒకసారి దులిపి బుట్టలో వేసింది. ఇంకో గౌను అందుకుంది.

అప్పుడే పుట్టిన బిడ్డకు తొడిగే గౌన్లవి. ఒక్కోటి రెండు అరచేతులంత ఉంటుంది. నలభై కుట్టుమిషన్ల వరస ఎక్కడ ముగుస్తుందో అక్కడ, గోడవారగా ఆమె బల్ల. మిషన్లు వదిలేసిన దారపు కొసల్ని కత్తిరించడం ఆమె పని. పద్దెనిమిదేళ్ళుగా అదే బల్ల, అదే ఎత్తు స్టూలు. కత్తెర ఒత్తిడికి బొటనవేలి మీద శనగగింజంత కాయ కాసింది. ఆ బల్ల దాటిన గౌనుకు ఒక్క దారమైనా వేలాడిందని ఇంతవరకు ఫిర్యాదు రాలేదు. పనిమీద శ్రద్ధ అని సూపర్‌వైజర్ మెచ్చుకుంటాడు కాని, అది శ్రద్ధ కాదు, భయం. మిగిలిన దారం పసిగుడ్డు వేలికి చుట్టుకుంటే? తల్లి చూసుకోకపోతే? రాత్రంతా ఏడ్చినా ఎందుకో ఎవరికీ తెలియకపోతే?

లైనులో అందరూ ఆమెను జాగ్రత్త పిన్ని అంటారు. మెట్లు దిగేవాళ్ళకు జాగ్రత్త చెబుతుంది, వేడి టీ తాగేవాళ్ళకు చెబుతుంది, సెలవు పెట్టి ఊరెళ్ళేవాళ్ళకు రెండుసార్లు చెబుతుంది. పిన్ని దగ్గర తుమ్మకండి, ఆసుపత్రిలో చేర్పించి గాని వదలదని ఇస్త్రీ చేసే అతను ఎగతాళి చేస్తుంటాడు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. పిన్ని కీడెంచడం దాకా బాగానే నేర్చుకుంది. మేలెంచే వంతు వచ్చేసరికి ఇంకో కీడు తోచేది.

ఈ మధ్య ఆమె భయమంతా కూతురి మీదే. కూతురికి నెలలు నిండాయి. ఇంతకుముందు రెండు కడుపులు నిలిచినట్టే నిలిచి జారిపోయాయి, ఒకటి మూడో నెలలో, ఒకటి అయిదో నెలలో. ఇంకా పది రోజులుందని డాక్టరు చెప్పింది. డాక్టర్ల లెక్క డాక్టర్లది. కూతురి ఇల్లు రెండు బస్సుల దూరం. సెలవు పెట్టి వచ్చేస్తానంటే ఆ పిల్ల ఒప్పుకోలేదు. నువ్వు పక్కన కూర్చుని నా మొహం చూస్తుంటే రాని నొప్పి కూడా వస్తుందమ్మా అంది. ఫ్యాక్టరీలో ఫోన్లు లాకర్లో పెట్టి తాళం వేసుకోవాలి. అన్నం వేళ ఒకసారి, టీ వేళ ఒకసారి తీసి చూసుకోనిస్తారు. ఈ రెండింటి నడుమ లోకంలో ఏం జరిగినా పిన్నికి తెలియదు. అందుకే అన్నీ జరిగిపోతూ ఉండేవి, ఆమె తలలో.

పొద్దుటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. చలికేమోలే అనుకుని మోచేతి దాకా రుద్దుకుంది. పక్క మిషను అమ్మాయి దగ్గితే మాత్రం, రెండు వారాలైంది, ఛాతీ ఫోటో తీయించుకోవే అని కసిరింది.

తెల్లారితే క్రిస్మస్. ఆ రోజు సెలవు కాబట్టి ఫ్యాక్టరీలో పండగ ముందురోజు టీ వేళే జరుపుకుంటారు. లైనులో క్రైస్తవులు ఆరుగురే. అయినా తలుపు పక్కన పండక్కని కట్టిన చిన్న పశువుల పాకలో అందరి చెయ్యీ ఉంది. అట్టపెట్టెలు కోసి నక్షత్రం చేసింది ఇస్త్రీ అతను. ప్యాకింగ్ ఆడవాళ్ళు దూదితో గొర్రెలు చేశారు, వాటిలో ఒకదానికి అయిదు కాళ్ళు వచ్చాయి. పిన్ని తన బల్ల కింద పోగైన దారాలన్నీ మూటకట్టి గడ్డిలా పరచమని ఇచ్చింది. పిన్ని వాళ్ళ దేవుడు వేరు, ఇస్త్రీ అతని దేవుడు వేరు. మెకానిక్ తనకు ఏ దేవుడూ లేడంటాడు, మిషను మొండికేసినప్పుడు తప్ప.

చిక్కంతా ఆ మెకానిక్ చేసిన ఊయలతోనే వచ్చింది. ఏటా పాకలో బిడ్డ బొమ్మను పెట్టే పెట్టె ఈసారి స్టోరులో నలిగిపోయింది. కొత్తది చేస్తానని అతను ఉత్సాహంగా ముందుకొచ్చాడు. పశువుల దగ్గర పెట్టిన బిడ్డకు మామూలు పెట్టె చాలునని ఎవరో అంటే, పసిబిడ్డ అన్నాక ఊగకపోతే ఎలా అని, విరిగిన కుర్చీ బద్దలతో అడుగున వంపు పెట్టి చక్కటి ఊయల చేశాడు. తెచ్చి పాకలో పెట్టాడు. నలభై మిషన్లు ఒక్కసారి ఆడేసరికి నేల అదిరింది, నేల అదిరేసరికి ఖాళీ ఊయల దానంతట అదే ఊగడం మొదలుపెట్టింది. కిర్రు. కిర్రు. అంత రొదలో అది ఇంకెవరికీ వినబడలేదు.

పిన్నికి వినబడింది. ఆ చప్పుడు ఆమెకు కొత్త కాదు.

పందొమ్మిదో ఏట, తొలిచూలు కడుపుతో ఉండగా, మొగుడు ముచ్చటపడి నెల ముందే ఊయల కొనుక్కొచ్చాడు. కిటికీ పక్కన పెడితే గాలికి కొద్దికొద్దిగా ఊగేది. ఖాళీ ఊయల ఊగకూడదమ్మా, ఏదైనా బట్ట వేసి ఉంచు అని అత్త చెప్పింది. ఆమెకు నవ్వొచ్చింది. ఆ సాయంత్రమంతా గోడకానుకుని కూర్చుని, కాలి బొటనవేలితో తానే ఊపింది. బిడ్డ ఏడవకుండా పుట్టాడు. ఆమెకు చూపించలేదు. మగపిల్లాడని మాత్రం చెప్పారు. ఇంటికొచ్చేసరికి ఊయల లేదు, ఎవరికిచ్చేశారో ఆమె అడగలేదు. చప్పుడు మాత్రం గదిలోనే ఉండిపోయింది. ఇళ్ళు మారినప్పుడల్లా సామానుతోపాటు అదీ వచ్చేది. తర్వాత కూతురు పుడితే ఊయల గడప తొక్కనివ్వలేదు. ఏడాదిన్నర తన చేతి మీదే పడుకోబెట్టుకుని, అర్ధరాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది. మొగుడు పోయాక ఈ పనిలో చేరింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు గడిచాయి. ఇప్పటికీ చిన్న గౌను చేతిలోకి తీసుకుంటే, తల ఎక్కడ వస్తుందో, చేతులెక్కడ వస్తాయో ఆమెకు కనబడుతుంది. ఎవరి తలో ఆమె ఎవరికీ చెప్పలేదు.

అందుకే పొద్దున్న నీళ్ళకని లేచినప్పుడు, నూనె మరక పడి పక్కన పెట్టిన గౌనొకటి చుట్ట చుట్టి ఊయలలో పెట్టి వచ్చింది. అరగంటలో ఎవరో తీసేశారు. ఇంకోటి పెట్టింది. అదీ తీసేశారు. మూడోసారి పెడుతుండగా పాటల వదిన చూసింది.

పాటల వదిన క్రైస్తవురాలు, లైనులో మొదటి మిషను మీద కుడుతుంది. మిషను రొదకు శ్రుతి కలిపి పాడుకుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. పిన్ని, ఆమె ఒకే ఏడు పనిలో చేరారు, అప్పటినుంచీ వదినా అంటే వదినా అనుకుంటారు. పాటల వదిన ఆ గౌనూ తీసేసి వెళ్ళింది. అన్నం వేళ డబ్బా తెచ్చుకుని పక్కన కూర్చుంది.

"ఆ గౌన్లు నువ్వే పెడుతున్నావు కదూ?"

"ఊగుతోంది వదినా."

"మిషన్లు ఆడితే నేల అదరదూ? ఊగనీ, నీకేం పోయింది?"

"ఖాళీగా ఊగకూడదు."

పాటల వదిన నిదానంగా నమిలి మింగి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. కావాలనే ఖాళీగా ఉంచుతారట. బిడ్డ వచ్చే ఘడియ దాకా ఆ చోటు అతనిదేనని అట్టే పెడతారట. ముందే నింపేస్తే ఎదురుచూడటానికి ఏం మిగులుతుంది అంది.

పిన్ని తన డబ్బా మూత తీయనే లేదు. "వస్తాడని మీకు తెలుసు కాబట్టి ఖాళీగా ఉంచుకోగలరు వదినా," అంది. "తెలియనివాళ్ళ సంగతి చెప్పు."

పాటల వదిన ఆ మాట వెనకాల ఏముందో అడగబోయి, పిన్ని మొహం చూసి మానుకుంది.

పిన్ని లాకరు తీసి కూతురికి ఫోన్ చేసింది. నడుం కొంచెం పట్టేసినట్టుంది, ఏం లేదు, నువ్వు తిన్నావా అంది కూతురు. నడుం అనగానే పిన్ని ఎంతసేపటి నుంచి, ఎటువైపు, పక్కన ఎవరున్నారని వరసగా అడిగింది. "అమ్మా, కనేది నేనా నువ్వా?" అని నవ్వి పెట్టేసింది ఆ పిల్ల.

మధ్యాహ్నం గౌన్లన్నీ ఒకేలా కనబడ్డాయి. దారం తెంపడం, తలుపు వైపు చూడటం, మళ్ళీ తెంపడం. ఊయల ఊగుతూనే ఉంది. భుజం లాగడం మోచేయి దాటి చిటికెనవేలి దాకా వచ్చింది. చెమట పట్టింది. పట్టినట్టు ఆమె గమనించలేదు.

టీ గంట కొట్టగానే మిషన్లు ఆగాయి. పిన్ని అందరికంటే ముందు లాకరు దగ్గరకు చేరింది. కూతురి ఫోన్ స్విచాఫ్. అల్లుడి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ మోగి ఆగిపోయింది. ఈ లోపు అందరూ పాక చుట్టూ చేరారు. ఎవరో కేకు ముక్కలు కోస్తున్నారు. ఆరుగురూ చిన్న పాట ఎత్తుకుంటే, పాట మాటలు తెలియని మిగతావాళ్ళు చప్పట్లతో కలిశారు. పిన్ని ఫోను లాకర్లో పడేసి, తాళంచెవి తాడు మెడలో వేసుకుని వచ్చి వెనక నిలబడింది. సూపర్‌వైజర్‌ని అడిగి ఇప్పుడే బస్సెక్కేద్దామా? అక్కడికి వెళ్ళేసరికి ఏం చూడాల్సి వస్తుందో.

పాటల వదిన గుంపులోంచి వచ్చి బొమ్మబిడ్డను ఆమె చేతిలో పెట్టింది. "ఈసారి నువ్వు పడుకోబెట్టు."

"నా చేయి మంచిది కాదు వదినా. నీకు తెలీదు."

"పద్దెనిమిదేళ్ళుగా నీ చేతి మీదుగా పోని గౌనుందా? ఎంతమంది పిల్లలు తొడుక్కుని ఉంటారు? నీ చేయి మంచిది కాకపోతే వాళ్ళంతా ఏమైపోవాలి? పెట్టు."

అందరూ చూస్తున్నారు. బొమ్మ బరువుగానే ఉంది, మట్టిది. పిన్ని ముందు దాని మెడ కింద చేయి పెట్టింది, మెడ నిలవని పిల్లలకు పెట్టినట్టు. వంగి, తన దారాల గడ్డి మీద, ఊయలలో పడుకోబెట్టింది. బొమ్మే అని తెలుసు. అయినా చేయి వెనక్కి తీసుకునే ముందు దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఎవరూ నవ్వలేదు.

గంట కొట్టింది, మిషన్లు మొదలయ్యాయి. పిన్ని అక్కడే నిలబడి చూసింది. ఊయల ఊగింది. బిడ్డతో ఊగింది. చప్పుడు రాలేదు. బయటా రాలేదు, లోపలా రాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చెవిలో కాపురమున్నది ఏదో చెప్పాపెట్టకుండా లేచి వెళ్ళిపోయినట్టు అయింది. ఆమెకు ఊరట కలగలేదు. ఇల్లంతా ఒక్కసారి ఖాళీ అయితే కలిగే దడ కలిగింది.

కేకు తినబుద్ధి కాలేదు. పనికిరాని ప్యాటర్న్ కాగితం చింపి, కూతురికని తన ముక్కను పొట్లం కట్టుకుంది. భుజం నొప్పిగా ఉంది, అయిదు నిమిషాలు కూర్చుని వస్తాను బాబూ అని సూపర్‌వైజర్‌ని అడిగింది. ఆయన రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే, "వెళ్ళు పిన్నీ, జాగ్రత్త," అన్నాడు, వేళాకోళంగా. ఆ మాట ఎవరూ ఆమెకు చెప్పి ఎరగరు. ఒక్క క్షణం ఆగి ఆయన్ను చూసి, వెళ్ళింది.

ఆడవాళ్ళ విశ్రాంతి గదిలో ఒక బెంచీ, ఎత్తున చిన్న కిటికీ. ఎవరూ లేరు. పొట్లం పక్కన పెట్టుకుని, గోడకు తల ఆనించి, చెవి రిక్కించింది. ఇంకా ఏమీ వినబడలేదు.

బల్ల మీద గౌన్లు గుట్టపడ్డాయి. అరగంట చూసి పాటల వదిన వచ్చింది. కునుకు తీసిందనుకుని, వదినా, గౌన్లు నిన్ను పిలుస్తున్నాయి అంది. దగ్గరకొచ్చి భుజం మీద చేయి వేసింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, ఊపిరి లేదు. జీవితమంతా అందరికోసం భయపడిన మనిషి, తనకోసం ఒక్కసారి భయపడి ఉంటే బాగుండేది.

సూపర్‌వైజర్ అంబులెన్సుకు ఫోన్ చేశాడు. ఇంటివాళ్ళకు చెప్పాలని ఆమె మెడలోని తాళంచెవితో పాటల వదిన లాకరు తెరిచింది. ఫోన్లో అల్లుడి పిలుపులు తొమ్మిదున్నాయి. చూస్తుండగానే పదోది మోగింది, ఎత్తింది.

"అత్తయ్యా, పాప పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. ఆసుపత్రికి వచ్చే కంగారులో మీకు చెప్పనే లేదు. ఎలా ఏడుస్తోందో వినండి."

పాటల వదిన ఫోనుతో విశ్రాంతి గది వైపు నడిచింది. "నేను ఆవిడతో పనిచేసేదాన్ని బాబూ. ఒక్క నిమిషం, ఆవిడ దగ్గరకే తీసుకెళ్తున్నాను."

గదిలోకి వెళ్ళి, వంగి, ఫోను పిన్ని చెవికి ఆనించి పట్టుకుంది. అవతల పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు ఆగేదాకా ఆమె చేయి దించలేదు.

"విన్నారా?" అన్నాడు అల్లుడు.

"ఆఁ," అంది పాటల వదిన. తర్వాత అంది, "బాబూ, మీరొకసారి ఇక్కడికి రావాలి. అమ్మాయికి ఇప్పుడే చెప్పకండి."

పిన్నిని తీసుకెళ్ళాక మిషన్లు మళ్ళీ ఆడలేదు. పాక దగ్గర ఆరుగురూ మోకరిల్లారు. మిగతావాళ్ళు ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకున్నారు. మెకానిక్ ఒక్కడూ తలుపు దగ్గర చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. తర్వాత ఒక్కొక్కరే సంచులు తీసుకుని, మెట్ల మీద ఒకరి చేయి ఒకరు పట్టుకుని, జాగ్రత్తగా దిగిపోయారు.

విశ్రాంతి గది బెంచీ మీద కాగితం పొట్లం అలాగే ఉండిపోయింది, కేకులోని నెయ్యి గోరంత మరకగా మొదలై నెమ్మదిగా వెడల్పవుతూ.