పళ్ళతో పట్టిన వైరు

జహంగీర్ ఎడమ చెయ్యి మోచేతి దాకానే ఉంది. మిగతాది అతని పంతొమ్మిదో ఏట పత్తి మిల్లు యంత్రం తినేసింది. ఏడాది తిరక్కుండానే ఆ చేతి పని పళ్ళకి నేర్పాడు.

నలభై ఆరేళ్ళుగా నరసరావుపేటలో కాలిన బోరు మోటార్లకి కొత్త వైరు చుట్టే వైండింగ్ పని చేస్తున్నాడు. వైరు ఒక కొసని పళ్ళతో బిగబట్టి, రెండో కొసని మోటారు లోపలి సన్నటి గాడిలోంచి కుడిచేత్తో లాగుతాడు. పైనున్న ప్లాస్టిక్ పొర ఎక్కడ గీసుకుపోయినా, చుట్టు వదులైనా ఆ మోటారు నీళ్ళలో ఎన్నాళ్ళో నిలవదు. అందుకే ఇనప పట్టుకారు వాడడు. ఎంత బిగించాలో, ఎప్పుడు కాస్త వదలాలో పళ్ళకే తెలుసంటాడు. ఎవరైనా జాలిపడి "ఇటివ్వు, నేను పట్టుకుంటా" అన్నారా, ఆ రోజంతా వాళ్ళతో మాట్లాడడు. అంత పొగరు.

భార్య షకీలాని కూడా వైరు ముట్టుకోనివ్వలేదు. ఆమె పని గాడుల్లో పెట్టే కాగితాలు కత్తిరించడం, అంతే. నోట్లో వైరున్నంతసేపూ మొగుడు ఎదురు చెప్పలేడు కాబట్టి ఆమె తిట్టాల్సినవన్నీ అప్పుడే తిట్టేది. అన్నం దగ్గర అతను కసి తీర్చుకునేవాడు. "ఏమే, కూరలో ఉప్పేది?" ఈ తగువుతోనే నలభై ఏళ్ళ కాపురం గడిచిపోయింది.

ఇప్పుడా పళ్ళే కదులుతున్నాయి. కింది వరసలో నాలుగు ఇక నిలవవనీ, తీయించుకుని కట్టుడు పళ్ళు పెట్టించుకోమనీ పళ్ళ డాక్టరు చెప్పాడు. వాటితో వైరు లాగొచ్చా అని అడిగితే నవ్వాడు. ఆ నవ్వు సంగతి జహంగీర్ ఇంట్లో చెప్పలేదు. అరవై ఆరేళ్ళ వయసులో రెండో చెయ్యి కూడా పోతోందని ఏ మొహంతో చెబుతాడు?

ఆ గురువారం పొద్దున్నే బ్రహ్మయ్య మాచవరం నుంచి కాలిన మోటారు తెచ్చాడు. మిరపతోట కాయ మీదుంది, నాలుగు రోజులుగా తడి లేదు. కొట్టు గుమ్మంలోంచి కదల్లేదు మనిషి.

"రేపు తెల్లారే బోరులోకి మోటారు దింపే మనుషులొస్తారు మేస్త్రీ. రేపు తప్పితే మళ్ళీ వారందాకా దొరకరు, తోట చచ్చిపోద్ది. నీ వల్ల కాకపోతే ఇప్పుడే చెప్పు, చిలకలూరిపేట తీసకపోతా."

"కాకపోవటమేంది?" అన్నాడు జహంగీర్. ఈ మోటారు చుట్టలేకపోతే ఇక కొట్టు మూసెయ్యడమేనని మనసులో గట్టిగా అనుకున్నాడు.

సాయంత్రం నాలుగైంది. ఇంకా అయిదు గాడులున్నాయి. లాగుతుంటే కింది చిగుళ్ళలో ఏదో పుటుక్కుమంది. నోరంతా ఉప్పగా అయింది. వైరు జారి, బిగించిన చుట్టు వదులైపోయింది. అటు తిరిగి, ఊడిన పన్ను అరచేతిలోకి ఉమ్మి జేబులో వేసుకున్నాడు. మళ్ళీ కరిచాడు. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. వైరు మళ్ళీ జారింది.

కాగితంతో కప్పేస్తే వదులు చుట్టు ఎవరికీ కనపడదు. పది రోజులు మోటారు తిరుగుతుంది కూడా. ఆ తర్వాత మూడొందల అడుగుల లోతున కాలిపోతుంది, తోట కూడా దాంతోనే పోతుంది. కాగితం చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు చూసి బల్ల మీద పడేశాడు.

"ఏంది మేస్త్రీ, ఆగిపోయావు?" బ్రహ్మయ్య లేచి నిలబడ్డాడు.

షకీలా కత్తెర ఆపింది. రక్తం చూసింది. "ఇటివ్వు" అని ఉంటే కసిరేసేవాడే. ఆమె కత్తెర పక్కన పెట్టింది, అంతే.

"షకీలా," అన్నాడు చివరికి. "ఇది పట్టుకో."

చెయ్యి పోయాక ఆ మాట ఎవరితోనూ అనలేదు. అన్నాక సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఆమె వేళ్ళకి చెమట. వైరు రెండుసార్లు జారింది. "బిగించవే! వదులైతే తగలబడిపోద్ది!" అని అరిచాడు. షకీలా చేతులు కొంగుకి తుడుచుకుంది. వైరు తీసుకుని పళ్ళ మధ్య పెట్టుకుని కరిచింది.

జహంగీర్ లాగాడు. వైరు బిర్రుగా నిలిచింది. వంపు దగ్గర, తను వదిలేచోటే, ఆమె కూడా కొంచెం వదిలింది. అది ఆమెకెవరూ చెప్పలేదు. ఆమె మెడ నరాలు పొంగాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనూ ఇన్నేళ్ళూ ఇలాగే కనపడ్డాడా? ఇప్పుడు తనేమన్నా ఆమె ఎదురు చెప్పే వీల్లేదు. అతనికేమో తిట్టబుద్ధి కాలేదు.

"నొప్పిగా ఉందా?" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపి, కానియ్యమని చేత్తో సైగ చేసింది.

ఏడింటికి మోటారుని నీళ్ళ తొట్టిలో ముంచి మీటరు పెట్టి చూశారు. కరెంటు ఎక్కడా కారడం లేదు. జహంగీర్ అప్పటికి ఊపిరి పీల్చుకున్నాడు.

"మా ఆడమనిషి పట్టింది, మరి..." అన్నాడు నసుగుతూ.

"ఎవురు పడితే నాకేంది మేస్త్రీ, తిరిగితే చాలు," అంటూ బ్రహ్మయ్య మోటారు ఆటోలోకి ఎక్కించాడు.

ఇంటికి పోయాక షకీలా అతనికి అన్నం మెత్తగా పిసికి పెట్టింది. తనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. పొద్దున తన చేత్తో చేసిన దోసకాయ పప్పే. ఏ రుచీ తెలియడం లేదు. నాలిక మీద ఇంకా ఆ ప్లాస్టిక్ చేదే.

"నీకు రోజూ ఇట్టాగే ఉంటదా?"

"అలవాటైపోయిందిలే."

"ఒక్కసారన్నా చెప్పొచ్చుగా! నా వంటకి వంక పెడతన్నావని ఎన్నిసార్లు ఏడ్చానో."

జహంగీర్ ఊడిన పంటి చోటుని నాలికతో తడుముకున్నాడు. "రేపు డాక్టరు దగ్గరికి పోదాం. ఆ కదిలేయన్నీ పీకెయ్యమందాం," అన్నాడు. "ఎల్లుండి నాదెండ్ల నుంచి మోటారొకటి వస్తది. పడతావా?" అని అడిగాడు.

"పడతా. నా నోట్లో వైరుండగా నన్ను తిట్టావంటే మాత్రం వదిలేస్తా."

అని లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చింది. అతను చెయ్యి చాపేలోపే, ముందు తన కంచంలో వేసుకుంది.