ఆపరేషన్ గదికీ వార్డుకీ మధ్య

నేను ఒక అగ్గిపెట్టెంత యంత్రాన్ని. బట్టలారేసే క్లిప్పులాగా నోరు తెరిచి మనిషి వేలిని కరుచుకుంటాను. నొప్పేమీ ఉండదు. గోటి మీంచి ఎర్రని వెలుగు పంపి, ఆ మనిషి నెత్తుటిలో ప్రాణవాయువు ఎంతుందో అంకెల్లో చెబుతాను. నన్ను ఆక్సీమీటర్ అంటారు. కరోనా కాలంలో మా జాతి ఇంటింటికీ చేరింది. ఏ జబ్బూ లేనివాళ్లు కూడా మాటిమాటికీ వేలు పెట్టి చూసుకుని మురిసిపోయేవారు. భయం తీరాక మమ్మల్ని పాత మందుబిళ్లలతో కలిపి సొరుగుల్లో పడేశారు. ఊపిరి ఆడుతున్నంతసేపూ దాని సంగతి మనిషికి గుర్తుండదు.

నాకు మాత్రం ఆ సొరుగు రాత పట్టలేదు. దూరదేశపు ఫ్యాక్టరీలో నా బొమికలు బిగించి, అట్టపెట్టెలో పెట్టి, ఓడెక్కించి పంపితే, చివరికి డాక్టర్ వహీదా చేతుల్లో పడ్డాను. ఆమె రాయలసీమలోని ఒక పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరు చదువు చదువుతున్న పీజీ. సన్నగా, గబగబా నడిచే మనిషి. నన్ను పెట్టెలోంచి తీసిన రోజు, మొదట తన వేలికి కాదు, తన స్నేహితుడు ఎఫ్రాయిము వేలికి పెట్టింది. అతను కోస్తాలో మరో ఆసుపత్రిలో అదే చదువు చదువుతున్నాడు. ఏదో పరీక్ష పని మీద ఆ ఊరికి వచ్చాడు. నన్నెందుకు కొన్నదో ఆమె అతనికి చెబుతుంటే విన్నాను.

వహీదా ఆ చదువులో చేరిన కొత్తలో శివలీల అనే కాలేజీ పిల్లకు అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. ఏ ఇబ్బందీ లేకుండా పూర్తయింది. పిలిస్తే పిల్ల కళ్లు తెరిచింది. స్ట్రెచర్ మీదికి మార్చారు. ఆపరేషన్ గదిలో ఉన్నంతసేపూ గుండెకు, వేలికి, చేతికి తీగలు తగిలించి కాపలా కాసిన యంత్రాలన్నీ అక్కడే ఆగిపోయాయి. అక్కణ్ణించి వార్డు దాకా పొడవాటి వరండా. వహీదా పక్కనే నడిచింది. పిల్ల నిద్రపోతోందనుకుంది. మత్తు పూర్తిగా వదలని మనిషి నాలుక వెనక్కి పడితే చప్పుడు కాదు. వార్డులో లైటు కిందికి వచ్చాకే పెదవులు నల్లబడిన సంగతి కనిపించింది. గుండెను మళ్లీ కొట్టించగలిగారు గానీ, పిల్ల మళ్లీ లేవలేదు. కొన్నాళ్లకు పోయింది.

ఎవరూ వహీదాను తప్పు పట్టలేదు. "అప్పుడప్పుడు అట్లా అయితాది" అన్నారు పెద్ద డాక్టర్లు.

"అప్పుడప్పుడంటే ఎప్పుడెప్పుడు?" అని ఆమె ఎఫ్రాయిమును అడిగింది. "ఈ వరండాలో ఎంతమందికి ఊపిరి తగ్గుతాందో ఎవరైనా చూసినారా?"

ఎఫ్రాయిము నన్ను వేలికుంచుకునే కాసేపు ఆలోచించాడు. "నువ్వొక్కదానివే లెక్క తీస్తే మీ వరండా బాలేదంటారు. పది ఆసుపత్రుల్లో ఒకేసారి తీద్దాం. అప్పుడెవరి వరండా అంటారో చూద్దాం" అన్నాడు.

అలా మొదలైంది. అన్నిచోట్లా చదువుకునే పిల్ల డాక్టర్లే. ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఒకే పద్ధతి రాసుకున్నారు. అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. వహీదా ప్రొఫెసరు వీరభద్రారెడ్డిగారు కాగితాలు చూసి నవ్వారు. "పీజీలకు ఇన్ని ఆసుపత్రుల రీసెర్చ్ ఎందుకమ్మా? థీసిస్ రాసుకో, పాసై పో." అంటూనే సంతకం పెట్టారు. ఆయన చెడ్డవారు కాదు, అలసిపోయినవారు.

తర్వాత నేను ఎన్ని వేళ్లు చూశానో! బీడీ మరకల వేళ్లు, సున్నం తినేసిన మేస్త్రీ వేళ్లు, పురిటి నొప్పులకు దుప్పటి నలిపి నలిపి వణికే వేళ్లు. గోరింటాకు ఎర్రగా పండిన పెళ్లికూతురు గోటి మీద నా వెలుగు తికమకపడింది. గోళ్లరంగు తుడవబోతే, ప్రాణం పోయినా ఫరవాలేదుగానీ రంగు పోగూడదన్నట్టు చెయ్యి లాక్కున్న ఒక టీచరమ్మ నాకింకా గుర్తుంది. వేలికి నేనుండగా స్ట్రెచర్ కదిలేది, పక్కన ఒక పీజీ నా అంకెను చూస్తూ నడిచేవాడు. తగ్గితే వెంటనే గడ్డం ఎత్తి పట్టి, ఆక్సిజన్ పెట్టేవారు. చాలామందికి ఏమీ కాలేదు. కొందరికి తగ్గింది. చూడ్డానికి హాయిగా నిద్రపోతున్నట్టే ఉండేవారు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. అలా నా అంకె పడిపోయిన ప్రతిసారీ వహీదా ముఖం కూడా పాలిపోయేది. నా పని వేళ్లతోనే కాబట్టి నేనేమీ అనలేకపోయేదాన్ని.

అన్ని ఆసుపత్రుల లెక్కలూ ఒకచోట చేరాయి. ఎవరూ అనుకోనంత మందికి ఆ కాస్త దూరంలోనే ఊపిరి తగ్గుతోందని తేలింది. ఏ ఒక్కరి పేరూ ముందు పెట్టకుండా అందరూ కలిసి వ్యాసం రాశారు. మత్తు డాక్టర్ల పెద్ద సభలో చదివారు. ఇక మీదట ప్రతి స్ట్రెచర్ మీదా ఆక్సిజన్ సిలిండరు, వేలికి ఆక్సీమీటరు ఉండాలని వహీదా ఆసుపత్రిలో ఉత్తర్వు వచ్చింది. వీరభద్రారెడ్డిగారు మీటింగులో "మా డిపార్ట్‌మెంటు చేసిన పని" అని చెప్పుకున్నారు. నిజంగానే సంతోషపడ్డారు.

ఎఫ్రాయిము ఫోన్ చేశాడు. "వహీదా, గెలిచాం!"

ఆమె ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంది. నేను కోటు జేబులో ఉన్నాను. "ఇన్నాళ్లూ ఆ పిల్లది తలరాత అనుకునేదానికి ఒక సందుండేది ఎఫ్రాయిమూ. ఇప్పుడు అది కూడా లేకుండా నా చేతులతోనే మూసేసుకున్నా. చూసింటే బతికేది."

"అది నువ్వొక్కదానివే చేసిన తప్పు కాదు. పది ఆసుపత్రుల్లో అందరం అలాగే తోసుకుపోయాం."

"అందరూ అంతేనమ్మా అని చెప్తే వాళ్లమ్మ ఒప్పుకుంటుందా?"



ఇప్పుడు నా స్ప్రింగు సాగిపోయింది. వేలిని పట్టుకోలేను. పాడైన తీగలు, ఉబ్బిన బ్యాటరీలతో పాటు ఒక అట్టపెట్టెలో ఉన్నాను. ఏదో ఒకరోజు తుక్కుబండి వస్తుంది. నా పనిరోజుల్లో ఆఖరున జరిగినదొకటి చెప్పి ముగిస్తాను.

సుంకులమ్మ అనే ఆమె గర్భసంచి ఆపరేషన్‌కు చేరింది. ముందురోజు పరీక్ష చేస్తూ వహీదా పిల్లలెందరని అడిగింది. "ఒకతే బిడ్డ. శివలీల. ఈడనే పాయె" అంది ఆమె. వేరే చోటికి పోయే తాహతు లేక మళ్లీ ఇక్కడికే వచ్చింది. వహీదాను గుర్తుపట్టలేదు. "నేను చూసుకుంటాలే, నువ్వు తప్పుకో" అని తోటి పీజీ అన్నాడు. వహీదా తప్పుకోలేదు.

నడుముకు మత్తుసూది వేసి చేశారు కాబట్టి సుంకులమ్మ మెలకువగానే ఉంది. ఆపరేషన్ అయింది. స్ట్రెచర్ మీద ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి, వేలికి నన్ను తగిలించారు.

"ఇదేంది మేడం?"

"ఊపిరి బాగా అందుతాందో లేదో చెప్తుందమ్మా."

"నా బిడ్డకు గూడ పెట్టినారా?"

వార్డుబాయ్ తోయబోయి ఆగాడు. వహీదా స్ట్రెచర్ కమ్మీ పట్టుకుంది.

"లేదమ్మా. అప్పుడు పెట్టే పద్ధతి లేదు. ఆ పొద్దు మీ పాప పక్కన నడిచిన డాక్టర్ని నేనే. చూసుకోలేకపోయినాను. మీ పాప పోయినాకనే ఇది పెట్టించినాం."

సుంకులమ్మ ఏడవలేదు, తిట్టలేదు. పైకప్పు వైపు చూసింది. "అయితే ఎవురి బిడ్డో ఒకతె పోవాల్సిందే గదా, మీకు తెలిసేదానికి" అంది.

వహీదా ఆమె ముక్కు దగ్గర గొట్టం సరిచేసింది.

"యాడ మేడం?"

"ఏదమ్మా?"

"నా బిడ్డకు ఊపిరి ఆగింది యాడ?"

"తెలీదమ్మా. ఈ వరండాలోనే యాడనో. నేను చూసింటే గదా తెలిసేది."

సుంకులమ్మ తల పక్కకు తిప్పి వరండా వైపు చూసింది. ఒకవైపు గోడ, ఇంకోవైపు కిటికీలు, వాటి మధ్య స్తంభాలు, చివర వార్డు తలుపు.

"అయితే మెల్లగా తోయమను" అంది.

వార్డుబాయ్ మెల్లగా తోశాడు. ప్రతి కిటికీ దగ్గరా, ప్రతి స్తంభం దగ్గరా ఆమె కళ్లు కాసేపు నిలిచి ముందుకు కదిలాయి. పక్కనే వహీదా నడుస్తోంది. తలుపు దాకా నా అంకె ఎక్కడా తగ్గలేదు.