ఇరవై ఏడో వరుస

నేను ఒక నలభై ఒక్క వరుసల ప్రోగ్రామును. నన్ను పైథాన్ అనే కంప్యూటరు భాషలో రాశారు. నేను బరువు తూగను, తుప్పు పట్టను, అరిగిపోను. అయినా మూడేళ్ళు ఉద్యోగం చేసి రిటైరయ్యాను.

నా పుట్టిల్లు రాజమండ్రిలో, ఒక మెడికల్ షాపు మీద మొదటి అంతస్తులో ఉన్న ఆర్కిటెక్టు ఆఫీసు. ఈ రోజుల్లో భవనాన్ని కాగితం మీద గీయరు. గోడలు, తలుపులు, కమోడ్లతో సహా కంప్యూటరులో కట్టేస్తారు. ఆ కట్టిన దాన్ని పైనుంచి, పక్కనుంచి, కోసి లోపలినుంచి చూసి బొమ్మలు తీస్తారు. ఒక్కో బొమ్మను వ్యూ అంటారు. ప్రతి వ్యూకు స్కేలు ఎంత, గీత ఎంత మందం, ఏది కనబడాలి, ఏది కనబడకూడదు అని చెప్పాలి. కల్యాణ మండపం ఒకటి చేస్తున్నప్పుడు అలాంటి వ్యూలు రెండు వందల పన్నెండు తేలాయి. డ్రాయింగులు చూసే హైమవతికి వాటిని చేత్తో సరిచేయడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు ఆర్కిటెక్టు చామర్తి గారు స్కేలు మార్చమన్నారు. అయిదో రోజు హైమవతి నన్ను రాసింది. మూడు రోజుల పనిని నేను నలభై సెకన్లలో చేశాను. మిగిలిన సమయంలో ఆమె ఏం చేసిందో నేను చెప్పను.

అప్పుడు నాకు నలభై వరుసలే. నలభై ఒకటో వరుస మండపం యజమాని కర్రి సూర్రాజు గారి వల్ల వచ్చింది. శంకుస్థాపనకు వారం ముందు ఆయన ప్లాను తీసుకెళ్ళడానికి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక మూల వేలు పెట్టారు.

"ఇయ్యేంటమ్మా?"

"టాయిలెట్లండి."

"ఎన్ని?"

"ఇరవై రెండండి. వెయ్యి మంది అతిథులు కదండీ."

"అతిథులు తర్వాతొస్తారు. ఈ కాయితం ముందు అమ్మవారి దగ్గర పెడతాం. నాలుగు మూలలా పసుపు రాస్తాం, కొబ్బరికాయ కొడతాం. ఆవిడ కళ్ళు తెరవంగానే ఇరవై రెండు లెట్రిన్లు కనపడితే ఎలాగుంటదో నువ్వే చెప్పు."

చామర్తి గారు తన గదిలోంచే అన్నారు. "ఒక కాపీలో కనపడకుండా చేసెయ్యి హైమా."

ఇరవై ఆరో వరుస తర్వాత ఆమె ఒక వరుస కలిపింది. అన్ని వ్యూలలోనూ టాయిలెట్ సామానును దాచమని దాని అర్థం. పక్కనే తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది: అమ్మవారి పూజ కాపీ కోసం, తీయొద్దు. శంకుస్థాపన జరిగే శుక్రవారం దాకా తీయొద్దని ఆమె ఉద్దేశం. ఆ మాట రాయలేదు. అమ్మవారికి ఒక కాపీ, మేస్త్రికి ఒక కాపీ వెళ్ళాయి. మండపం కట్టారు. టాయిలెట్లు ఇరవై రెండూ ఉన్నాయి. ప్రారంభోత్సవం అప్పుడు సూర్రాజు గారు ఫ్రేము కట్టించుకోవడానికి పూజ కాపీనే మళ్ళీ అడిగారు. హైమవతి నన్ను ఆఖరిసారి నడిపింది అందుకే. తర్వాతి నెల ఆమె విశాఖపట్నంలో వేరే ఉద్యోగానికి వెళ్ళింది. నేను ఇరవై ఏడో వరుసతో సహా ఆఫీసులో ఉండిపోయాను.

ఆ తర్వాత నన్ను ఒక ఎరువుల గోడౌనుకు, రెండు రైసు మిల్లులకు వాడారు. వాటిలో దాచడానికి నాకు ఏమీ దొరకలేదు. అందువల్ల నాకు మంచి పేరు వచ్చింది. నన్ను నడిపినవాళ్ళలో ముగ్గురు ఇరవై ఏడో వరుస దగ్గర ఆగారు. పూజ అని చూసి, మనకెందుకని ముందుకు వెళ్ళారు.

అదే ఆఫీసులో పనిచేసే ఇమ్మానుయేలు చేతికి నేను వచ్చిందీ అలాగే. రెండేళ్ళుగా అతనితో చామర్తి గారు టైల్స్ డ్రాయింగులే వేయించారు. ఆ వేసవిలో నర్సింగు విద్యార్థినుల హాస్టలు అప్పగించారు.

"ఇది పూర్తిగా నీది. మొదటి స్లాబు తప్పు లేకుండా పడితే చివరిదాకా నువ్వే చూస్తావు. తేడా వస్తే నీకు మళ్ళీ టైల్సే."

అతను రెండు నెలలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేశాడు. ప్రతి టాయిలెట్‌లో కమోడ్, వాష్ బేసిన్ కొలిచి పెట్టాడు. ప్రింటు తీసే ముందు నన్ను నడిపాడు. ఇరవై ఏడో వరుస అతనూ చూశాడు. ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి; పక్కవాళ్ళ పూజలో వేలు పెట్టడం మర్యాద కాదని వదిలేశాడు.

నలభై సెకన్లలో హాస్టలు మొత్తంలో ఒక్క కమోడ్ కూడా లేకుండా చేశాను.

ఆ ప్లాను నలుగురు చూశారు. ఇమ్మానుయేలు స్కేళ్ళు చూశాడు. పిల్లర్ల లెక్క కట్టే పట్టాభి గారు పిల్లర్లు చూశారు. హాస్టలు ట్రస్టు కార్యదర్శి అనసూయమ్మ గారు, రిటైరయిన హెడ్మిస్ట్రెస్, కిటికీలకు ఊచలున్నాయా అని చూశారు. చామర్తి గారు ముగ్గురి సంతకాలూ చూసి తనదీ పెట్టారు.

స్లాబు రోజు ఉదయం ఎనిమిది గంటలకు ఇమ్మానుయేలు ఫోను మోగింది. పైపుల మేస్త్రి నూకరాజు.

"ఇమ్మానుయేలు గారూ, చిన్న అనుమానం అండి. ఇక్కడ అమ్మాయిలుంటారాండి, షాపుల్లో బొమ్మలుంటాయి చూడండి, అయ్యుంటాయాండి?"

"ఏమైందండి?"

"గోడలున్నాయండి. తలుపుందండి. టాయిలెట్ అని పేరు కూడా రాశారండి. లోపల ఏం లేదండి. అమ్మాయిల్ని పేరు చదూకుని వచ్చెయ్యమంటారా?"

ఇమ్మానుయేలు ప్లాను తీసి చూశాడు.

"పదింటికి కాంక్రీటు కలిపే మిల్లరు తిప్పుతారండి. కాంక్రీటు పడ్డాక కంతలంటే డ్రిల్లింగేనండి. ఎక్కడ వదలాలో చెప్పేత్తే పైపు ముక్కలు నే కట్టేసుకుంటాను."

అతను లాప్‌టాప్ చంకలో పెట్టుకుని మోటారు సైకిలెక్కాడు. లోపల నేనున్నాను. సైటులో ముప్పై మంది కూలీలు టిఫిను చేసి గమేళాలతో సిద్ధంగా ఉన్నారు. సిమెంటు బస్తాల మీద లాప్‌టాప్ తెరిచి, ఇరవై ఏడో వరుసలో దాచమన్న మాటను దాచొద్దని మార్చి, నన్ను నడిపాడు. పన్నెండు కమోడ్లు, పన్నెండు వాష్ బేసిన్లు ఒక్కసారిగా వచ్చి కూర్చున్నాయి.

నూకరాజు వంగి చూశాడు. "ఇప్పటిదాకా ఎక్కడికెళ్ళాయండీ ఇవి?"

"అమ్మవారికి కనపడకుండా దాక్కున్నాయి."

"ఏ అమ్మవారండీ?"

"నాకూ తెలీదండి."

కమోడుకొకటి, బేసినుకొకటి, నేల మీద నీళ్ళకొకటి చొప్పున ముప్పై ఆరు కంతలకు పైపు ముక్కలు కోసి, సెంట్రింగు చెక్కల మీద నిలబెట్టి, చువ్వలకు కట్టేసరికి నాలుగయింది. ఇమ్మానుయేలు ప్రతి ముక్క దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని టేపుతో కొలిచాడు. కూలీలు నీడన పడుకున్నారు. నాలుగుంపావుకు మిల్లరు తిరిగింది.

ఆరు గంటలు ఎందుకు ఆలస్యమైందో కాగితం మీద రాసి పంపమన్నారు అనసూయమ్మ గారు. ఇమ్మానుయేలు రెండు వాక్యాలు రాశాడు: ప్రోగ్రాము చదవకుండా నడిపాను. తప్పు నాది. చామర్తి గారికి ఇచ్చి నిలబడ్డాడు.

"టైల్స్ డ్రాయింగులు రేపటినుంచి మొదలుపెట్టమంటారా సార్?"

ఆయన కాగితం చదివారు. ప్లాను తెప్పించుకుని అదీ చదివారు.

"నీ తప్పంటే కుదరదయ్యా. కింద నా సంతకం ఉంది. పట్టాభిది ఉంది. ఈ కాగితం అడిగిందే, ఆవిడదీ ఉంది. నీకు టైల్స్ ఇస్తే మేమంతా ఏం చేయాలి?"

రెండు వాక్యాలూ కొట్టేసి, సాఫ్ట్‌వేరు లోపం అని రాశారు. అనసూయమ్మ గారు వెంటనే ఒప్పుకున్నారు. హాస్టలు ఇమ్మానుయేలుకే ఉండిపోయింది. లోపం నా పేరు మీదికి వచ్చింది. నేను అభ్యంతరం చెప్పలేదు. చెప్పడానికి నాలో వరుస లేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఇమ్మానుయేలు నన్ను తెరిచి మొదటి వరుసనుంచి నలభై ఒకటో వరుస దాకా చదివాడు. నాలుగు నిమిషాలు పట్టింది. హైమవతి తర్వాత నన్ను పూర్తిగా చదివిన మనిషి అతనొక్కడే. చదివి, పంతొమ్మిది వరుసల్లో కొత్తది రాసుకుని, నన్ను 'పాతవి' అనే ఫోల్డరులో వేశాడు.

ఇక్కడ తీరిక ఎక్కువ. నన్ను చదవనివాళ్ళు మూడేళ్ళు నమ్మారు. చదివినవాడు ఆ రోజే నమ్మడం మానేశాడు. అతని మీద నాకు కోపం లేదు.