తెల్లగుడ్డ పందెం

సుక్కమ్మ తడిగుడ్డతో వీరుడి మీసం తుడిచి, గుడ్డ తిప్పి చూసుకుంది. మసి లేదు. నమ్మకం కుదరక ముక్కు పక్కన, గడ్డం కింద మళ్లీ తుడిచింది. అప్పుడూ ఏమీ అంటలేదు.

ఎల్బీ నగర్ చౌరస్తాకు ఇవతల, హైవేను ఆనుకుని నాలుగు స్తంభాల పాత మండపం ఉంది. అందులో సున్నపురాయిలో చెక్కిన వీరుడొకడు కత్తి పట్టుకుని నిలబడి ఉంటాడు. ఏ రాజు కాలంవాడో, ఎవరి కోసం చచ్చాడో చెప్పే అక్షరాలు ఎన్నడో రాలిపోయాయి. రోజూ మీర్‌పేట్ నుంచి నడిచొచ్చి అతన్ని తుడిచే పని సుక్కమ్మది. పొట్టి మనిషి, వంగిన నడుము, మోచేతుల దాకా పచ్చబొట్లు. ఆమె పనిలో చేరినప్పుడు వీరుడిది కోటేరు ముక్కు. ఇప్పుడక్కడ మిగిలింది శనగబద్దంత.

అందులో తన చేతి పాపమూ ఉందని ఆమెకు తెలుసు. బస్సులు, లారీల పొగకు వీరుడు నల్లబడితే, ఇంట్లో ఇత్తడి బిందెలాగే చింతపండు పెట్టి తోమేది. ఎంత తళతళలాడేవాడో! పండగొస్తే ఇంకాస్త గట్టిగా తోమేది. ఒకసారి పురావస్తు శాఖ ఆఫీసు నుంచి వచ్చిన రామస్వామి అది చూసి నెత్తి కొట్టుకున్నాడు. పులుపు సున్నపురాయిని తినేస్తుందనీ, పొగ వానలో కలిస్తే అదీ పులుపేననీ చెప్పాడు. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు. అప్పటినుంచి ఉత్త నీళ్లు, మెత్తటి గుడ్డే. ఆమె చింతపండు మానింది. రోడ్డు మాత్రం పొగ మానిందా? దానికేం పట్టింది!

ఇప్పుడు సకల జనుల సమ్మె. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డు బోసిగా ఉంది. జై తెలంగాణ కేకలు తప్ప హారన్ల మోత లేదు.

"నాగమ్మా, ఇటు రా! జర చూడు, గుడ్డ పాలలెక్కున్నది!"

పక్కనే ఇడ్లీ బండి నడిపే నాగేశ్వరి కాకినాడ మనిషి. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "బేరాల్లేక నేను ఈగలు తోలుకుంటుంటే నీకు పండగలా ఉందే!"

"పండగే. నా ఈరుడు ఊపిరి తీసుకుంటున్నడు."

అంటూనే దగ్గింది. ఆ దగ్గు ఓ పట్టాన ఆగేది కాదు. దవాఖానలో డాక్టరు బీడీలు తాగుతావా అని అడిగాడట. జన్మలో బీడీ ముట్టని మనిషిని!

పొద్దెక్కాక రామస్వామి స్కూటర్ మీద వచ్చాడు. సమ్మెలో ఉన్నా, ఆమెకు ముందే చెప్పాలనిపించిందట.

"సుక్కమ్మా, సమ్మె అయినంక క్రేను ఒస్తది. రాయిని గోదాముల పెడ్తరు. ఈడ ఉంటే పొగకు కరిగిపోతది."

సుక్కమ్మకు ఒళ్లు మండింది.

"ఏంది సారూ! పొగ పెట్టెటియ్యి రోడ్డు మీద తిరగాలె, ఈరుడు పోయి చీకట్ల పండాలెనా? చింతపండు మానుమన్నవ్, మానిన. మీరేం మానిన్రు?"

"బండ్లు ఆపుడు నా చేతిల ఉన్నదా?"

"ఇప్పుడు ఆగినయ్ గద! జనం ఆపుతే ఆగినయ్."

సంచిలోంచి ఉతికిన తెల్లగుడ్డ తీసి రోడ్డు వైపు స్తంభానికి బిగించి కట్టింది.

"పందెం. సమ్మె నడిచినన్ని దినాలు ఇది గిట్లనే ఉంటది. బండ్లు తిరిగినంక ఒచ్చి చూడు. నల్లగైతే పోవాల్సింది పొగ. ఈరుడు కాదు."

రామస్వామి నాగేశ్వరి ఇచ్చిన చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆ పూటంతా సుక్కమ్మ హుషారుగా ఉంది. మండపం ఊడ్చింది, తెచ్చుకున్న సద్ది తింది, వీరుడి పాదాల దగ్గర స్తంభానికి ఆనుకుని కాళ్లు చాపుకుంది. సాయంత్రం నాగేశ్వరి చాయ్ గ్లాసు పట్టుకుని రెండుసార్లు పిలిచింది. భుజం తట్టింది. ఒళ్లు చల్లగా తగిలింది. గ్లాసు కింద పెట్టి, అక్కడే కూలబడి ఏడ్చింది.

సమ్మె ముగిసింది. బస్సులు రోడ్డెక్కాయి. దీపావళి వెళ్లిన కొన్నాళ్లకు క్రేను వచ్చింది. ముందు స్కూటర్ దిగిన రామస్వామి స్తంభం దగ్గర ఆగిపోయాడు. నాగేశ్వరి ఇడ్లీ బండిని బరబరా లాక్కొచ్చి మండపం మెట్లకు అడ్డంగా నిలిపింది.

"పందెం మా సుక్కమ్మే గెలిచిందండీ. ముందు పొగ సంగతి తేల్చుకు రండి. అప్పటిదాకా ఈ బండి కదల్దు, ఆ రాయీ కదల్దు."

క్రేను డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె పొయ్యి వెలిగించి ఇడ్లీ పాత్ర ఎక్కించింది. రామస్వామి కాసేపు ఆ గుడ్డనే చూశాడు. తర్వాత క్రేను వెనక్కి తిప్పమని చెయ్యి ఊపాడు. అది గుప్పుమని నల్లటి పొగ వదిలి చౌరస్తా వైపు పోయింది.

నాగేశ్వరి స్తంభం దగ్గరికెళ్లి ముడి కాస్త వదులు చేసింది. వేళ్లకు మసి అంటింది. గుడ్డ పైనంతా నలుపే. ముడి లోపలి మడత మాత్రం సుక్కమ్మ కట్టిననాటి తెలుపుతోనే ఉంది.