మైనం మైనమే

నేను ఒక రివాల్వర్ని. నన్ను చేసిన పనివాడు ఉక్కును తొలిచి, గొట్టం లోపల మెలి తిరిగే గాడులు చెక్కి, వెలుతురుకెదురుగా పట్టుకుని చూసి, అద్దంలా ఉందని మురిసిపోయాడు. ఈనాటికీ ఆ మాట మీదే బతుకుతున్నాను. మొదట కొన్న కాఫీ తోటల ఆసామి నన్ను దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు. దొంగలు ఎన్నడూ రాలేదు. ఆ ఘనత నాది కాదు, ఆయన గురకది. ఆయన పోయాక వారసులు నన్ను రాజమండ్రిలో ఒక రైఫిల్ క్లబ్బుకు అప్పగించారు. అక్కడ భుజంగరావు చేతిలో పడ్డాను.

భుజంగరావు రిటైరైన ఫిజిక్స్ లెక్చరరు, క్లబ్బు కార్యదర్శి. కొనుక్కునే తూటాలు సరిగా దొరకక, అనుమతి తీసుకుని క్లబ్బు వెనక గదిలోనే తూటాలు కట్టేవాడు. పేలిపోయిన ఇత్తడి తొడుగులు ఏరి, కడిగి, మందు కొలిచి పోసి, పైన సీసపు గుండు బిగించేవాడు. ముగ్గు వేసేవాళ్లకు కూడా అంత ఓపిక ఉండదు. ఆ ఓపికంతా పెట్టి నా ప్రాణం తీశాడు.

సీసం మెత్తనిది. పైన జిడ్డు పట్టించకపోతే దూసుకుపోయేటప్పుడు నా గాడుల్లో అతుక్కుపోతుంది. అందుకే హైదరాబాదు నుంచి వచ్చిన కోచ్ వెళుతూ వెళుతూ, "గుండుకు మైనం పట్టించండి" అని చెప్పాడు. ఈయన పట్టించాడు. అప్పటినుంచి నా గొట్టం నిండా సీసపు మడ్డే.

ఈ తూటాలు పేల్చేది భుజంగరావు అన్నకూతురు మందాకిని. ఆదివారం రాష్ట్ర జట్టుకు ఎంపిక. ఈసారి కాకపోతే తుపాకీ ముట్టనని వాళ్ల నాన్నకు మాట ఇచ్చింది. అలాంటి పిల్ల గురి చూసి కొడితే, నేను గుండును గోడకు అప్పగిస్తున్నాను.

"మణికట్టు వణుకుతోందే నీకు," అన్నాడు భుజంగరావు.

"వణకట్లేదు బాబాయ్. కావాలంటే గ్లాసుడు నీళ్లు పెట్టి చూడు."

తరవాత తప్పు మందుది అన్నాడు. తరవాత గాలిది అన్నాడు. పాత ధోవతి పేలికలు, ఇత్తడి తీగల బ్రష్షు పెట్టి నన్ను తోమి తోమి, మళ్లీ అవే గుండ్లు పేల్పించి, చివరికి తప్పు నాదే అని తేల్చాడు. "ముసలిదైపోయింది. తుక్కుకు వేసేద్దాం."

గొట్టం నిండా ఆయన సీసమే పెట్టుకుని, నాకు నోరు లేదు కాబట్టి ఊరుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన భార్య ఇందుమతి క్యారేజీ తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టి, కదలకుండా నిలబడింది.

"ఏవండీ, కరెంటు పోతే వెలిగిద్దామని దాచిన కొవ్వొత్తులు ఏమైనాయి?"

భుజంగరావు క్యారేజీ మూత తీసి, పులిహోరను తీక్షణంగా చూడసాగాడు.

మందాకిని ఒక గుండును తీసి గోటితో గీకింది. చుండ్రులా తెల్లగా పొట్టు రాలింది. "ఇది ఏ మైనం బాబాయ్?"

"ఏ మైనమేంటే? మైనం మైనమే. దానికి కులగోత్రాలుంటాయా?"

"ఉంటాయి. కోచ్ గారు చెప్పింది తేనె మైనం. నువ్వు పూసింది కొవ్వొత్తి. అది గొట్టంలోకి వెళ్లకముందే రాలిపోతోంది."

"తేనె మైనమా?" అంది ఇందుమతి. "కాళ్ల పగుళ్లకు నేను రాసుకునేది అదేగా. దేవుడి గూట్లో ముద్దంత ఉంది. అడిగితే ఇచ్చేదాన్ని కదా, దొంగతనమెందుకు?"

"ఇంట్లో కొవ్వొత్తి తీసుకుంటే దొంగతనమా?"

"అడక్కుండా తీసుకుంటే అంతే."

ఆ సాయంత్రం మందాకిని నన్ను తనే తోమింది. గాడుల్లోంచి సీసం వెండి రేకుల్లా ఊడి వచ్చింది. శనివారం కొత్త గుండ్లకు ఇందుమతి మైనపు ముద్ద అరిగింది. ఆదివారం గుండ్లు ఒకదాని పక్కన ఒకటి, బొట్టుబిళ్ల పట్టేంత చోటులో దిగాయి. పిల్ల పేరు చదివినప్పుడు తను నన్ను బల్ల మీద పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజంగరావు మాత్రం పక్కవాళ్లతో, "అంతా తూటా కట్టడంలో ఉందండీ," అంటున్నాడు.

తుక్కు మాట మళ్లీ ఎత్తలేదు. పైగా నా మీద భక్తి పుట్టుకొచ్చింది. దసరాకు ఆయుధపూజ అన్నాడు. పట్టుగుడ్డ మీద పడుకోబెట్టి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చాడు. ఇన్నేళ్లకు ఒక మనిషికి నా విలువ తెలిసిందని కరిగిపోతున్నాను.

అంతలో అగరవత్తులు గుచ్చడానికి అరటిపండు కోసం అటూ ఇటూ చూశాడు. కనబడలేదు. అద్దంలా ఉన్న నా గొట్టం కనబడింది.