పద్యం అయ్యాక ఏం చేశారు

నాన్న సినిమాహాలు వరండాలో రాజు వేషంతో నిలబడి ఉన్నాడు, కిరీటం తీసి చంకలో పెట్టుకున్నాడు, మెడలో పూసల హారాల మధ్య ఏ హిప్పీ పిల్ల వేసిందో ఒక బంతిపూల దండ ఇంకా వాడకుండా వేలాడుతోంది, ఆయన వెనక హాలు తలుపు కాస్త తెరుచుకుని ఉంటే ఆ సందులోంచి ఆకుపచ్చా ఊదా కలిసిన వెలుగు బయటికి కారి ఆయన కాళ్ల దగ్గర మడుగు కడుతోంది. ఆయన పోయి చాలా ఏళ్లయిందని నాకు తెలుసు, కానీ ఎదురుగా నిలబడ్డ మనిషితో ఆ మాట ఎత్తడం మర్యాద కాదనిపించి ఊరుకుంటాను.

"ఇంతాలస్యమేంటే శేషూ?" అంటాడు. "ఆట ఎప్పుడనగా మొదలైంది."

"దగ్గు నాన్నా. మందు తాగితే నిద్ర ముంచుకొస్తోంది."

"బుగ్గనేంటది?"

"పటికబెల్లం."

"ఒట్టి పటికబెల్లమేనా? మిరియం లేకుండా గొంతెట్లా తెరుచుకుంటుందే పిచ్చిమొహమా" అని నడుముకు చుట్టిన పట్టుగుడ్డ ముడి విప్పి, నాటకాల రోజుల్లో రంగం ఎక్కేముందు తను పెట్టుకున్నట్టే పెట్టుకోమని ఒక మిరియపు గింజ నా అరచేతిలో వేస్తాడు. నేను దాన్ని బుగ్గన పెట్టుకుంటాను. వరండా గోడ మీద అంటించిన పోస్టర్‌లో కూడా నాన్నే ఉన్నాడు, ఇదే వేషం, చుట్టూ గిటార్లు పట్టుకున్న జులపాల వాళ్లు, పైన మేఘాల్లాంటి అక్షరాల్లో 'మబ్బుల్లో మఠం' అని రాసి ఉంది, ఆ అక్షరాలు ఒకచోట నిలవకుండా మెల్లగా కదులుతున్నాయి.

తెనాలి చుట్టుపక్కల పౌరాణిక నాటకం ఆడితే రాజు వేషం చెన్నుపాటి పేరయ్యదే, అంటే మా నాన్నదే. వేషం తీశాక కూడా ఆ రాజసం ఒక పట్టాన దిగేది కాదు, వంకాయలు బేరమాడినా సింహాసనం మీంచి ఆడినట్టే ఉండేది, అమ్మ పక్కన నిలబడి పైట చెంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. దేశమంతా హిప్పీల గురించే మాట్లాడుకుంటున్న రోజుల్లో సుదర్శనబాబు అనే దర్శకుడు ఆయన్ని ఈ సినిమాకు తీసుకెళ్లాడు. ఒక నాటకాల రాజు వేషం తీయకుండానే బస్సు తప్పిపోయి రోడ్డు పక్కన నిద్రపోతే, అటుగా వచ్చిన హిప్పీలు ఆయన్ని దేవుడనుకుని మఠం కట్టేస్తారు, ఆయన ఆకలేసి అన్నం అడిగినా అందులో వేదాంతం వెతుకుతారు, అదీ కథ. అప్పట్లో వారం తిరక్కుండా డబ్బాల్లోకి వెళ్లిపోయిన ఆ సినిమాని ఇప్పటి కుర్రకారు ఎక్కడో పట్టుకుని, కళ్లకద్దుకుని, మాటలన్నీ కంఠతా పట్టి చొక్కాల మీద కూడా అచ్చువేసుకుంటున్నారు.

"హైదరాబాదులో మళ్లీ వేస్తున్నారు నాన్నా. నన్ను కూడా పిలిచారు. నీకు సీటు ఆపాను, నా పక్కనే."

"ఏం పెట్టి ఆపావు?"

"నా చేతిసంచీ."

"సంచీ పెడితే ఎవడాగుతాడే? తీసి కింద పెట్టి కూర్చుంటాడు. కండువా వెయ్యాలి" అంటూ తన జరీ ఉత్తరీయం తీసి విసురుతాడు, అది వెళ్లి బస్సు కిటికీలో పడుతుంది, ఎందుకంటే వరండా ఎప్పుడో బస్టాండు అయిపోయింది. బస్సు నిండా హిప్పీలే, అందరూ కిటికీల్లోంచి నాన్నకు దండాలు పెడుతున్నారు, నాన్న చెయ్యెత్తి అందర్నీ దీవిస్తున్నాడు, కాని బస్సు ఎక్కడు, ఉత్తరీయాన్ని సీటు మీద వదిలేసి అది కదిలి వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడతాడు, దుమ్ము తగ్గేసరికి మళ్లీ అదే వరండా, అదే తలుపు సందు. నా ఒక కాలికి చెప్పు లేదని అప్పుడు చూసుకుంటాను.

"ఆ రోజు సీటు కిందే ఉండిపోయింది" అంటాడు నాన్న నా కాలి వంక చూసి. "చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశాను గదా నిన్ను. ఏడుస్తానే వచ్చావు."

నాకా రోజు బాగా గుర్తుంది. ఊరంతా కట్టకట్టుకుని మొదటి ఆటకు వచ్చింది, మేం మధ్య వరసలో కూర్చున్నాం, నాన్న కొత్త పంచె కట్టుకున్నాడు, పద్యం మొదలైన కాసేపటికి హాలు గొల్లున నవ్వింది, నాన్న లేచాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ సినిమా పేరు ఎవరూ ఎత్తలేదు, నాన్న ఇంకే సినిమాలోనూ చేయలేదు.

"మీ అమ్మ పోయిన ఏడాదే అది" అంటాడు, కిరీటం అంచుకు ఊడిపోతున్న అద్దం బిళ్లను వేలితో అదుముతూ. "సుదర్శనబాబు నా చేతులు పట్టుకుని, పేరయ్యగారూ, సినిమా మొత్తం నవ్వులాటే గానీ ఈ ఒక్క పద్యం మాత్రం కాదండీ, రాణి పోయిన రాజు పాడే పద్యం, మనసు పెట్టి పాడండి అన్నాడు. కళ్లలో గ్లిజరిన్ వేస్తానంటే వొద్దన్నాను. దేనికే గ్లిజరిన్? మీ అమ్మని తలుచుకుని పాడాను. తీరా తెర మీద చూస్తే నా మొహం మీంచి రంగులు కారతన్నాయి, జులపాల వాళ్లు గిర్రున తిరగతన్నారు, నా ముక్కొకచోట, నోరొకచోట."

రంగులు మా కాళ్ల చుట్టూ పాకుతున్నాయి. గాజు పలక మీద నీళ్లు, ఆముదం పోసి, అందులో ముగ్గుల రంగులు చల్లి, కింద దీపం పెట్టి కెమెరాతో పట్టారట ఈ రంగుల్ని, అందుకే కాబోలు వరండా అంతా ఆముదం వాసన వేస్తోంది.

"మీ అమ్మ పద్యం మీద ఆముదం పోశారే" అంటాడు నాన్న. ఆయన గొంతులో కోపం లేదు, ఎవరో బాగా తెలిసినవాళ్లు తన మాట వినకుండా వెళ్లిపోతే ఉండే చిన్నబోవడం ఉంది. నాకు ఏడుపొస్తుంది. ఆయన్ని పట్టుకోవాలని చెయ్యి చాస్తాను కాని భుజకీర్తులు అడ్డొస్తాయి.

"ఆఖరిదాకా నవ్వారా నాన్నా?"

"అదేగా తెలియంది." ఆయన తలుపు వంక చూస్తాడు. "రంగం మీదైతే జనం ఎదురుగా ఉంటారు. నడిమధ్యలో నవ్వనీ, ఈల వెయ్యనీ, ఆఖరి రాగం లాగి దించేదాకా ఏదీ తేలదు. నచ్చితే అప్పుడంటారు వన్స్ మోర్ అని. అన్నారంటే ఇంక బాణం తగిలి చచ్చిపడున్నోడైనా సరే, లేచి, బట్టలు దులుపుకుని, మళ్లీ పాడి మళ్లీ చావాల్సిందే."

"నువ్వూ లేచేవాడివి. నాకు గుర్తే. నేను చప్పట్లు కొట్టేదాన్ని."

"లేవకపోతే ఎట్లా? పిలిచింది జనం గదా." మీసాల కింద నవ్వుతాడు, అంతలోనే ఆ నవ్వు ఆగిపోతుంది. "ఆ రోజు మాత్రం రాగం సగంలో ఉండగానే లేచొచ్చేశానే శేషూ. రంగం మీద ఎన్నడూ చెయ్యని పని. పద్యం అయ్యాక ఏం చేశారో వినలేదు. అప్పట్నించీ ఇక్కడే నిలబడున్నా."

"లోపలికి రా మరి. ఇద్దరం విందాం."

"నేను రాను. నువ్వెళ్లి వినిరా. నవ్వితే నవ్వారనే చెప్పు, నేనేవన్నా అనుకుంటానని దాచబాక." కిరీటాన్ని ఉత్తరీయం లేని భుజానికేసి ఒకసారి తుడిచి, పెట్టుకోవాలో వద్దో తేలనట్టు రెండు చేతుల్లోనూ పట్టుకుంటాడు. "పోవే, రాగంలోకి వచ్చేసింది."

నేను తలుపు తోస్తాను, రంగుల్లో కాలు పెడతాను, అవి వెచ్చగా ఉన్నాయి, ఒక కాలికి చెప్పుతో ఒక కాలికి లేకుండా ఆ వెలుగులోకి నడుస్తుంటే ముందు నుంచి నాన్న గొంతు వస్తోంది, వెనక నుంచి నాన్న చూపు తగులుతోంది, వచ్చి చెబుతానని అనడానికి వెనక్కి తిరిగితే

మెలకువ వచ్చింది. హైదరాబాదులో మధ్యాహ్నం ఆట, ఏసీ చలి, మెడ పట్టేసింది. ఎదురుగా తెరంతా నాన్న మొహం. ఆకుపచ్చా ఊదా రంగులు ఆ బుగ్గల మీంచి పాకి కళ్ల దగ్గరకు వచ్చి, కన్నీళ్లతో కలిసి కిందికి జారుతున్నాయి. ఎక్కడో ఇద్దరు ముగ్గురు ఇంకా నవ్వుతున్నారు. శివరంజనిలో రాగం పైకి వెళ్లింది, అక్కడ నిలబడింది, ఆ నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నాన్న ఆ రాగాన్ని తొందరపడకుండా కిందికి దించాడు. నా ముందు వరసలో కూర్చున్న అమ్మాయి చున్నీతో కళ్లు ఒత్తుకుంది.

పద్యం అయిపోయింది. తెర మీద రాజు మెల్లగా ఒరిగి నేల మీద పడుకున్నాడు.

"వన్స్ మోర్!" అని వెనక వరసల్లోంచి ఎవరో అరిచారు.

ఇంకెవరో అందుకున్నారు, ఆ తర్వాత హాలంతా అందుకుంది. నాకు వెంటనే లేచి వరండాలోకి పరుగెత్తి చెప్పాలనిపించింది, కాని తలుపు అవతల పాప్‌కార్న్ అమ్మే చోటు తప్ప ఏమీ ఉండదు. బుగ్గన పటికబెల్లం కరిగిపోయి, ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు దాంతోపాటు పెట్టుకున్న మిరియం ఒక్కటే మిగిలింది. దాన్ని కొరికాను. ఘాటు గొంతులోకి దిగింది. నేనూ అరిచాను.

బొమ్మ ఆగింది. దీపాలు వేయకుండానే వెనక్కి తిప్పుతున్నారు, రంగులు మళ్లీ చుక్కల్లోకి ముడుచుకుంటున్నాయి, పడుకున్న రాజు లేచి బట్టలు దులుపుకుంటున్నాడు. పక్క సీట్లో పెట్టిన నా చేతిసంచీ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.